బిడ్డ కోసిన అక్షరాలు

రెండో శనివారం పొద్దున అనసూర్య ముందుగది ఊడుస్తూ అక్రిలిక్ షీట్ల దగ్గరికి వచ్చేసరికి, ఎప్పటిలాగే కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పక్కవాటుగా తిరిగింది. గోడకు ఆనించి నిలబెట్టిన ఆ షీట్లు గదిలో సగం తినేశాయి. వాటికీ సోఫాకూ మధ్య మిగిలిన సందులో మనిషి నేరుగా నడవలేడు. మూడేళ్లుగా ఆ ఇంట్లో అందరూ అలా పక్కకు తిరిగే నడుస్తున్నారు. చుట్టాలెవరైనా వస్తే వాకిట్లోనే కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు.

"ఎల్లుండితోని గీ పీడ పోతది," అని అనసూర్య చీపురు కిందపెట్టి నడుం నిమురుకుంది.

వాకిట్లో ఆమె భర్త పరశురాములు విననట్టే చాయ్ తాగుతూ కూర్చున్నాడు. కరీంనగర్ మంకమ్మతోటలో ఆ ఇంటి ముందు భాగమే అతని షాపు. ముప్పై అయిదేళ్లుగా బోర్డుల పని. మొదట్లో గోడల మీద రంగులతో రాసేవాడు. తర్వాత షీటు మీద అక్షరం గీసి, సన్న రంపంతో కోసి, ఆకురాయితో అంచులు నునుపు చేసి బోర్డుకు అతికించడం నేర్చుకున్నాడు. ఒకప్పుడు టవర్ సర్కిల్ చుట్టూ తిరిగితే కనిపించే బోర్డుల్లో సగం అతని చేతివే.

కరోనా వచ్చినప్పుడు బ్యాంకులు, మందుల షాపులు, దవాఖానలు, కాలేజీల వాళ్లందరూ కౌంటర్లకు అడ్డంగా పెట్టుకోవడానికి అద్దంలాంటి షీట్లు అడిగారు. ఆ గిరాకీ ఇంకా రెండేళ్లయినా ఉంటుందనుకుని పరశురాములు హైదరాబాద్ నుంచి వ్యాను నిండా తెప్పించాడు. అవి దిగిన కొద్ది నెలలకే జనం మాస్కులు తీసేశారు. అంతకుముందు పెట్టించుకున్నవాళ్లు కూడా వాటిని ఊడబీకి తెచ్చి అతని వాకిట్లో పడేసి పోయారు.

అంతకుముందే అతని అక్క కొడుకు కుమార్, పదేళ్లు ఇతని దగ్గరే పని నేర్చుకుని, బస్టాండు దగ్గర సొంత షాపు తెరిచాడు. కుమార్ దగ్గర లేజర్ మిషన్ ఉంది. కంప్యూటర్‌లో అక్షరం ఎక్కిస్తే మిషనే కోసి పెడుతుంది. చేత్తో కోసిన అక్షరం కావాలని వచ్చేవాళ్లు ఇప్పుడు నెలకు ఒక్కరు కూడా లేరు. షాపు మూసేశానని పరశురాములు ఎవరికీ చెప్పలేదు గానీ, షట్టరు సగం ఎత్తి దాని వెనక పేపరు చదువుకోవడమే అతని పనైపోయింది. చివరికి పోయిన వారం, ఆ షీట్లన్నీ నువ్వే తీసుకుపో అని కుమార్‌కు మాట ఇచ్చాడు. సోమవారం ట్రాలీ పంపుతానని కుమార్ అన్నాడు.

ఆ సంగతి తెలియక సృజన శుక్రవారం సాయంత్రమే బోథ్ నుంచి వచ్చింది. సృజన వాళ్లకు ఒక్కతే బిడ్డ. ముప్పై రెండేళ్లది. బోథ్ దగ్గర ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరు. భర్త కరుణాకర్‌కూ అక్కడే ఉద్యోగం. నెలకోసారి తల్లిదండ్రుల్ని చూసిపోవడం ఆమెకు అలవాటు. ఈసారి సంచిలో ఒక నోట్‌బుక్ కూడా తెచ్చుకుంది.

శనివారం పొద్దున ఊడవడం అయ్యాక అనసూర్య వేడివేడి సర్వపిండి తెచ్చిపెట్టగానే, సృజన ఆ నోట్‌బుక్ తెరిచి తండ్రి ముందు పెట్టింది. అందులో పెన్సిల్‌తో గీసిన బొమ్మలున్నాయి. పిల్లలు రాసి తుడుచుకునే పలకలు, పుస్తకం ఆనించుకునే స్టాండ్లు, వాన జల్లు కొట్టినప్పుడల్లా తడిసిపోయే చార్టులకు ముందు బిగించే పలచని షీట్లు. ఒక్కో బొమ్మ పక్కన కొలతలు. బడిలో నలభై ఇద్దరు పిల్లలని, సగం మంది ఇంట్లో గోండి మాట్లాడతారని, తెలుగు అక్షరాన్ని పుస్తకంలో చూస్తే బెదిరిపోయేవాళ్లు చేత్తో తడిమితే తొందరగా పట్టుకుంటున్నారని చెప్పుకొచ్చింది. ఊరికే పడున్న షీట్లు ఇస్తే ఎండాకాలం సెలవుల్లోగా అన్నీ చేయించుకుంటానంది.

పరశురాములు కళ్లద్దాలు పెట్టుకోకుండానే ఒకసారి చూసి నోట్‌బుక్ పక్కకు జరిపాడు. కుమార్‌కు మాట ఇచ్చేశానన్నాడు.

సృజన సగం చాలంది. అదీ కాకపోతే గీతలు పడ్డవి, కౌంటర్ల నుంచి ఊడబీకినవి ఇచ్చినా సర్దుకుంటానంది. ఇచ్చిన మాటను సగం చేయలేనని, బడికి కావలసినవి సర్కారు చూసుకోవాలని అతను జవాబిచ్చాడు. నిజానికి అతన్ని ఇబ్బంది పెట్టింది కుమార్‌కు ఇచ్చిన మాట కాదు. ఆ నోట్‌బుక్‌లో గీతలు అంత శుభ్రంగా ఉండటం. వాటికేసి చూడకుండా సర్వపిండి తుంచుకుని తినసాగాడు.

"బాపూ, ఒక్క మాట అడుగుత," అంది సృజన. గొంతు పెంచలేదు. "అప్పుడు నాకు పని నేర్పుమంటే కుమార్ బావకు నేర్పినవు. ఇప్పుడు ఎవ్వలు అడగని షీట్లు అడిగినా కుమార్ బావకే అంటున్నవు. మరి నేను నీకు ఏమైత?"

"నిన్ను చదివిచ్చిన. సర్కారు కొలువు చేస్తున్నవు. ఇంకేం తక్కువ చేసిన నీకు?"

"నేను అడిగింది గది కాదు బాపూ."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అనసూర్యకు భయం వేసింది. మాటలు ఎటు పోతున్నాయో తెలిసి, సర్ది చెబుదామనుకుని, ఒక పొరపాటు చేసింది. పెద్ద షీట్లు ఇవ్వకపోతే పోనీ, షాపు వెనక సంచిలో పడేసే ముక్కలే ఏడాదిగా తాను బిడ్డకు కట్టి పంపుతున్నానని, వాటితోనే అది ఎన్నో చేసిందని బయటపెట్టేసింది.

పరశురాములు చేతిలో ముక్క పళ్లెంలో పడేశాడు. అవి అతను విసిరేసిన ముక్కలే. వాటి మీద అతనికి ఆశ ఏమీ లేదు. అయినా తనకు తెలియకుండా ఇంట్లో ఇద్దరూ ఒకటై ఇదంతా నడిపారన్నది అతనికి తల కొట్టేసినట్టయింది. నోటికి ఏది వస్తే అది అనేశాడు.

"అడగకుండ తీస్కపోతే దాన్నేమంటరో పిల్లలకు చదువు చెప్పేదానివి, నీకు తెల్వదా?"

సృజన తండ్రి మొహంలోకి చూసింది. తర్వాత నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నం భోజనానికి ఉండమని తల్లి చేయి పట్టుకున్నా ఉండలేదు. జగిత్యాల మీదుగా పోయే నిర్మల్ బస్సుకు టైమైందని, షీట్ల పక్క నుంచి ఒంటివాటుగా నడిచి వెళ్లిపోయింది. ఎప్పుడొచ్చినా వెళ్లేముందు "పోయొస్త బాపూ" అని చెప్పే పిల్ల ఆ రోజు చెప్పలేదు.

అనసూర్య అతనితో పోట్లాడలేదు. ఆ సాయంత్రం దాకా మాట్లాడనే లేదు. దీపం పెట్టి వచ్చి, షాపులో అతని ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"వేములవాడ లాడ్జి బోర్డు యాదికున్నదా?" అని అడిగింది.

పరశురాములుకు యాదికి లేకపోవడమేమిటి. పదహారేళ్లుగా ఆ సంగతి తనకూ, బిడ్డకూ తప్ప ఎవరికీ తెలియదనుకుంటూ వచ్చాడు.

సృజన పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం అది. చిన్నప్పటి నుంచి బడి విడవగానే వచ్చి షాపులో కూర్చునేది. తండ్రి గీసిన అక్షరం మీద వేలు పెట్టి దిద్దేది. ఆ సెలవుల్లో కుమార్‌కు కామెర్లు వచ్చి ఊరికి పోతే, వేములవాడలో కొత్తగా కట్టిన ఒక లాడ్జి బోర్డు పని ఆగిపోయింది. పరశురాములు మరో పని మీద మంచిర్యాల పోయి వచ్చేసరికి, నాలుగు రోజుల్లో ఆ అక్షరాలన్నీ సృజన కోసిపెట్టింది. తలకట్టు దగ్గర రంపం ఎక్కడా జారలేదు. సున్నాలు నిజంగా గుండ్రంగా ఉన్నాయి. అంత మంచి చేయి తనకు కూడా ఆ వయసులో లేదని అతనికి ఆ క్షణమే అర్థమైంది.

లాడ్జి యజమాని వచ్చి అక్షరాల అంచుల మీద వేళ్లు పోనిచ్చి, ఇవి కోసినవాళ్లెవరని అడిగాడు. సృజన అక్కడే ఉంది. చేతులకూ కనుబొమలకూ తెల్లటి పొడి అంటుకుని ఉంది. చెబుతాడని తండ్రి వైపు చూసింది.

"మా అక్క కొడుకు కోసిండు," అన్నాడు పరశురాములు.

ఎందుకన్నాడో తర్వాత తనకు తాను ఎన్నో కారణాలు చెప్పుకున్నాడు. ఎదిగిన ఆడపిల్లతో పని చేయించుకు తింటున్నాడని నలుగురూ అంటారని. చిన్నపిల్ల పని అంటే ఆ పెద్దమనిషి చులకనగా చూస్తాడని. రేపు పెళ్లయిపోయే పిల్లకు పేరొస్తే షాపుకు ఏం లాభమని. వాటిలో ఒక్కటి కూడా బిడ్డకు చెప్పగలిగేది కాదు. ఆ రోజు సృజన చేతులు కడుక్కుని లోపలికి పోయింది. మళ్లీ షాపులో కాలు పెట్టలేదు. ఇంటర్ అయ్యాక టీచరు ట్రైనింగుకు పోతానంటే, మంచిదే, ఆడపిల్లకు అదే నయం అన్నాడు.

"నేను ఆయనకు మంచినీళ్లు తెస్తున్న అప్పుడు. పరదా ఎనుకనే ఉన్న," అంది అనసూర్య. "నువ్వు అన్నది ఇన్న. పొల్ల మొకం చూసిన. నేను గూడ నోరు తెరువలే. నీదొక్కనిదే తప్పని అంటలేను."

ఆ మాట తర్వాత ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచి వంటకు పోయింది. ఆదివారమంతా ఇద్దరూ ముక్తసరిగానే మాట్లాడుకున్నారు. అతను రెండుసార్లు ఫోన్ తీసి సృజన పేరు దాకా పోయి ఆపేశాడు.

సోమవారం పది గంటలకు ట్రాలీతో పాటు కుమార్ తానే వచ్చాడు. షీట్లను చూసి, రెండు మూడింటి మీద అంటుకున్న కాగితం కొద్దిగా ఒలిచి, మళ్లీ అతికించాడు. మిషన్ మీద వీటిని ఎట్లా వాడతావని పరశురాములు అడిగాడు. కుమార్ కాసేపు నసిగాడు. చివరికి మామ చేయి పట్టుకుని నిజం చెప్పాడు.

"ఏమనుకోకు మామా. ఇవి నాకు పనికి రావు. గీతలు పడ్డ షీటు మీద నేను పని చేస్తే గిరాకోళ్లు వాపస్ ఇస్తరు. ఇల్లు ఇరుకైతుందని అత్త బాధపడుతుంటే, తీస్కపోయి తుక్కుల ఏసేద్దామనుకున్న. నువ్వు మనసు నొచ్చుకుంటవని చెప్పలే."

పరశురాములు తుక్కుకు పోయేవాటి కోసం బిడ్డను దొంగ అన్నంత పని చేశాడు. మేనల్లుడి మీద కోపం రాలేదు. కుమార్ చిన్నప్పటి నుంచీ నెమ్మదైనవాడే. ఇవ్వాళ కూడా పెద్దవాడి మనసు నొప్పించకూడదనే చూశాడు. సృజన అడిగిందని తెలియగానే, ట్రాలీ ఎట్లాగూ మాట్లాడి తెచ్చాను గనుక బోథ్‌కే పంపుదామన్నాడు. షీట్లు ఎక్కిస్తూ ఎక్కిస్తూ, మామ మొహంలోకి చూడకుండా ఇంకో మాట కూడా అన్నాడు.

"లాడ్జి బోర్డు నేను కోయలేదని ఆయనకు నేనన్న చెప్పాల్సుండె. గా బోర్డు చూసే నాకు పనులొచ్చినయి."

మంగళవారం తెల్లవారి, డ్రైవరు పక్కన కూర్చుని పరశురాములు బయల్దేరాడు. రంపాలు, ఆకురాళ్లు ఉన్న పెట్టెను అనసూర్య అడక్కుండానే తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. ఏమని చెప్పాలో ఆమె చెప్పలేదు. అతను అడగలేదు. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కేటప్పుడు, వెనక షీట్లు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తుంటే, బిడ్డకు ఉద్యోగం వచ్చి ఏడేళ్లైనా తాను ఒక్కసారి కూడా ఆమె బడి చూడలేదన్న సంగతి అతనికి తట్టింది.

బడి రెండు గదులు, ఒక వరండా. ట్రాలీ చూసి పిల్లలు బిలబిలమంటూ వచ్చి చుట్టుముట్టారు. సృజన తరగతిలోంచి బయటికి వచ్చి తండ్రిని, వెనక షీట్లను చూసింది. ఆమె మొహం ఒక్క క్షణం చిన్నపిల్ల మొహంలా అయి, మళ్లీ టీచరు మొహమైంది. "నీళ్లు తాగు బాపూ," అని కుర్చీ వేసి, పాఠం సగంలో ఉందని లోపలికి వెళ్లింది.

హెడ్‌మాస్టరు కైలాసం సారు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, పరశురాములును వెంటబెట్టుకుని గదులు చూపించాడు. కిటికీ పక్కన కౌంటరు షీటు ఒకటి నిలబెట్టి ఉంది. కింద చేయి పట్టేంత కంత. పోయిన ఏడాది పాత బ్యాంకు కౌంటరుదేదో మూల విరిగిందని అతను ముక్కల సంచి పక్కన పడేసిందే అది. విరిగిన మూల కోసేసి, నునుపు చేసి, కొయ్య కాళ్లు పెట్టారు. ఇద్దరు పిల్లలు దానికి అటూ ఇటూ కూర్చుని దుకాణం ఆడుతున్నారు. ఒకడు చింతగింజలు లెక్కపెట్టి కంతలోంచి తోస్తుంటే, అవతలి పిల్ల అవి సరిపోయాయో లేదో తెలుగులో చెబుతోంది.

గోడవారగా ఒక పెట్టె ఉంది. అందులో అరచేతంత తెల్లటి పలకలు. ఒక్కో దాని మీద ఒక్కో అక్షరం గాడిలా చెక్కి ఉంది. ఒక చిన్నపిల్ల వాటిలోంచి 'అ' తీసుకుని, కళ్లు మూసుకుని, గాడి వెంట వేలు నడిపి, పూర్తయ్యాక నోటితో పలికి, కళ్లు తెరిచి నవ్వింది. వాళ్ల నాయనమ్మ లింగవ్వ గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. మనవరాలు మొదట్లో బలపం ముట్టుకునేదే కాదని, ఇప్పుడు ఇంట్లో బూడిదలో కూడా అక్షరాలు గీస్తోందని పరశురాములుకు చెప్పింది.

అతను 'అ' పలకను చేతిలోకి తీసుకున్నాడు. వేలు గాడిలో పెట్టి మెల్లగా తిప్పాడు. మొదలుపెట్టే చోట కొద్దిగా లావు, వంపు దగ్గర సన్నం, చివర పైకి లేచేటప్పుడు చిన్న విరుపు. ఆ విరుపు ఏ పుస్తకంలోనూ ఉండదు. అది అతనిది. గోడల మీద కుంచెతో రాసే రోజుల్లో అతని చేతికి అలవాటైన విరుపు. మిషన్లు వచ్చాక కరీంనగర్‌లో ఎక్కడా మిగలకుండా పోయిందనుకున్నాడు.

"మేడం ఎవరొచ్చినా చెప్తుంది," అన్నాడు కైలాసం సారు. "మా నాన్న అక్షరాలివి, నేను కోసిన అంతే అని. మండలం నుంచి ఆఫీసర్లు వచ్చి మెచ్చుకున్నప్పుడు కూడా ముందు మీ పేరే చెప్పింది."

పరశురాములు పలకను జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, ఎండగా ఉందని ఏదో చెప్పి వరండాలోకి వచ్చేశాడు. ఒక్కసారి, ఒక్క మనిషి ముందు చెప్పాల్సిన పేరు తాను చెప్పలేదు. ఆమె వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

పిల్లలు మధ్యాహ్న భోజనాలకు కూర్చున్నాక సృజన వచ్చి పక్కన కూర్చుంది. షీట్లు తెచ్చినందుకు సంతోషమంది. కుమార్ బావకు చెప్పి తెచ్చావా అని అడిగింది. ఆమె వేళ్ల మీద చిన్న చిన్న గాట్లున్నాయి. మంచి రంపం లేక, కాగితాలు కోసే కత్తితోనే గాడులు తీసిందని అతనికి అవి చూడగానే తెలిసింది. ఎన్ని మాటలో సిద్ధం చేసుకుని వచ్చాడు. ఒక్కటీ వరసగా రాలేదు.

"ఆ లాడ్జాయనకు అబద్ధం చెప్పిన బిడ్డా," అన్నాడు. "నువ్వే కోసినవని నాకు తెల్సు. నీ అసుంటి చెయ్యి నాకు గూడ లేకుండె. తెల్సే చెప్పిన."

సృజన భోజనాల దగ్గర తోసుకుంటున్న ఇద్దరు పిల్లల్ని చేత్తో సైగ చేసి సర్దుకుని కూర్చోబెట్టింది.

"చాన రోజులు చూసిన బాపూ, నువ్వు ఎప్పుడన్న అంటవని," అంది. "ఇంటర్ల చూసిన. ట్రైనింగ్‌కు పోతున్నప్పుడు బస్టాండుకు వస్తివి గదా, గప్పుడన్న అంటవనుకున్న. పెండ్లప్పుడు గూడ చూసిన. తర్వాత చూసుడు బందు పెట్టిన."

పరశురాములు మొహానికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. అతను ఏడవడం సృజన అంతకుముందు చూసింది ఒక్కసారే, వాళ్ల నానమ్మ పోయినప్పుడు. కాసేపటికి తేరుకుని, షాపు నువ్వే తీసుకో అన్నాడు. నీ పేరు మీద బోర్డు పెడతానన్నాడు. మిషన్ కావాలంటే మిషన్ తెస్తానన్నాడు. కరీంనగర్‌కు బదిలీ పెట్టుకుని వచ్చి, సాయంత్రాలు కూర్చున్నా చాలన్నాడు. అంటూ అంటూనే తన మాటలు తనకే ఎంత ఆలస్యంగా వినిపిస్తున్నాయో తెలిసి ఆగిపోయాడు.

సృజన అతని చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"అప్పుడైతే పానం ఇచ్చేదాన్ని బాపూ ఆ షాపుకు. నాకు ఇప్పుడు అక్కర లేదు. నీ మీద కోపంతోని అంటలేను. నిజంగనే అక్కర లేదు. నాకు ఈ పిల్లలున్నరు."

ఆ మాటలో కాఠిన్యం ఏమీ లేదు. కోప్పడి తిట్టి ఉంటే బతిమాలుకునేవాడు. అక్కర తీరిపోయిన మనిషిని ఏమని బతిమాలుకోవాలో అతనికి తోచలేదు. ఇన్నేళ్లూ బిడ్డ తన మీద అలిగిందని అనుకున్నాడు. అలక అయితే ఏ రోజుకైనా తీర్చవచ్చని ఎక్కడో ధీమా ఉండేది. ఆమె అలగలేదు. ఎదురుచూసి, చూసి, మరో దారిన పోయి అక్కడ సుఖంగా ఉంది.

"మరి నన్నేం చెయ్యమంటవు?" అని అడిగాడు.

ఆమె లోపలికి వెళ్లి నోట్‌బుక్ తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. శుక్రవారం దాకా ఉండగలవా అని అడిగింది. పరశురాములు కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, ఈసారి ఒక్కో పేజీ నిదానంగా చూశాడు. తర్వాత అనసూర్యకు ఫోన్ చేశాడు. నాలుగు రోజులు రానని, షట్టరు దించెయ్యమని చెప్పాడు. ఏమైందని ఆమె అడిగితే, బిడ్డకు నిజం చెప్పానని మాత్రం అన్నాడు. అవతల అనసూర్య ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. వచ్చే ఆదివారం నేను కూడా వచ్చి దానితో మాట్లాడతానంది.

బడి విడిచాక వరండాలో రెండు బల్లలు కలిపి వేసుకున్నారు. సృజన కొలతలు చెబుతుంటే అతను గీసి కోశాడు. ముప్పై అయిదేళ్ల పనిలో ఎవరో గీసిన బొమ్మ చూసి, ఎవరో చెప్పినట్టు కోయడం అతనికి అదే మొదటిసారి. మొదటి అయిదు పలకలు పూర్తి చేసి వరసగా పెట్టాడు. అంచులు అద్దంలా ఉన్నాయి. సృజన ఒకటి తీసుకుని చేత్తో తడిమి, తిరిగి అతని ముందే పెట్టింది.

"మూలలు గుండ్రంగ చెయ్యాలె బాపూ."

పలకకు మూల నిక్కచ్చిగా ఉంటేనే అందమని, ఇన్నేళ్లూ తాను అట్లాగే చేశానని అతను చెప్పబోయాడు.

"బోర్డులు గోడ మీద ఉంటయి. గివి పిల్లల ఒళ్లె ఉంటయి," అంది ఆమె.

పరశురాములు ఆకురాయి అందుకున్నాడు. సృజన ఎదురుగా కూర్చుని పెట్టెలోంచి రెండోది తీసుకుంది. ఆమె బొటనవేలు ఆకురాయి కింద పెట్టి, చూపుడువేలితో పైన అదిమి పట్టుకుంది. అది కూడా అతని పట్టే. ఎవరూ నేర్పలేదు. పదేళ్ల పిల్లగా పక్కన కూర్చుని చూసి పట్టుకున్నది. రాలిన తెల్లటి పొడి ఆమె చీర మీద, కనుబొమల మీద పడుతుంటే, అతనికి చూపు ఆనలేదు.

"ఇన్నేండ్లు గిట్లనే నా పక్కన కూసుంటుంటివి బిడ్డా," అన్నాడు. "నేనే లేపేసిన."

సృజన చేయి ఆపలేదు. "కూసున్న గదా బాపూ," అంది.

ఆమె ఓదార్పుకే అన్నదని అతనికి తెలుసు. శుక్రవారం తర్వాత తాను షట్టరు సగం ఎత్తిన షాపుకు తిరిగి పోతాడు. ఈమె ఇక్కడే ఉంటుంది. పోయిన సాయంత్రాలు ఎవరు ఎవరిని క్షమించినా వెనక్కి రావు. మధ్యలో ఉన్నవి ఈ నాలుగు రోజులే. పరశురాములు పలక నాలుగో మూల పూర్తి చేసి, పొడి ఊది, చిన్నపిల్ల ఒళ్లో పెట్టుకుంటే గుచ్చుకుంటుందేమోనని తన అరచేతి మెత్తటి చోట గట్టిగా నొక్కి చూసుకున్నాడు. గుచ్చుకోలేదు. దాన్ని బిడ్డ వైపు జరిపి, ఆమె తడిమి చూసి తలూపే దాకా ఆగి, మరో పలక తీసుకున్నాడు.